ట్రాక్టరు లిఫ్టు పంపు: మార్పించుటకు ముందు చూడవలసిన సంగతులు

దమ్ము దినములలో ట్రాక్టరు వెనుకనున్న కల్టివేటరు పైకి లేవక మొరాయించినచో రైతునకు కలుగు చిక్కు ఇంతంతయని చెప్పరాదు. గట్టు దాటింపవలెనన్న పనిముట్టు లేవదు. మడి మూలను తిరుగవలెనన్న లేవదు. కాలువకు నీరు వచ్చియుండును, నారు ముదురుచుండును, నాట్లకు పిలిచిన కూలీలు గట్టున కూర్చుండియుందురు. అట్టి తొందరలో “పంపు పోయినది, క్రొత్తది వేయవలెను” అని ఎవరో యొకరు పలికిన మాటను నమ్మి వేలకొలది రూపాయలు వెచ్చించుట మనవారిలో పరిపాటియైనది. పంపు నిజముగా పోవుట లేకపోలేదు. కాని పంపు చెడినట్లు తోచు లక్షణములలో పెక్కు ఇతర కారణములవలన గూడ కలుగుచుండును. ఆ కారణములను రైతు తానే యెట్లు గుర్తింపవచ్చునో, పంపును మార్చక తప్పనప్పుడు ఏయే జాగ్రత్తలు వహింపవలెనో ఈ పాఠమున వివరింతుము.

లిఫ్టు పనిచేయు విధము

మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఈ సూత్రముపై నడచు ఒత్తు యంత్రమునకు 1795 లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా పేటెంటు పొందెను. దీనిని ట్రాక్టరునకు పొందికగా అమర్చి, పనిముట్టును ఎత్తి దించుటకు వినియోగించిన వారిలో ముఖ్యుడు హ్యారీ ఫెర్గుసన్. 1936 నాటి ఫెర్గుసన్-బ్రౌన్ ట్రాక్టరునందును, 1939 నాటి ఫోర్డు-ఫెర్గుసన్ ట్రాక్టరునందును ఈ యేర్పాటు కలదు. నేడు మన పొలములలోని ట్రాక్టర్లే గాక, ఎత్తి కుమ్మరించు ట్రాలీలును, పడవల వెనుక మోటారును నీటినుండి పైకి లేపు పంపులును ఈ సూత్రముమీదనే నడచుచున్నవి.

ఇందలి భాగములు ముఖ్యముగా ఐదు: ఆయిలు నిలుచు పెట్టె, దానిని వడకట్టు ఫిల్టరు, ఆయిలును నెట్టు పంపు, దారి మళ్లించు వాల్వు, ఎత్తు చేతులను లేపు పిస్టను గల సిలిండరు. ఒత్తిడి మితి మీరినచో ఆయిలును వెనుకకు వదలు రిలీఫ్ వాల్వు వేరుగా నుండును. పిస్టను అడ్డుకొలత 10 సెంటీమీటర్లు అనుకొందము. దాని వైశాల్యము సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 150 కిలోల ఒత్తిడి కలిగినచో పిస్టనుపై పడు బలము 11,700 కిలోలు. ఎత్తు చేతులు పొడవైనవి గనుక వాని కొసయందు ఇందులో కొంత భాగము మాత్రమే దక్కును. అయినను బరువైన రోటవేటరును లేపుటకు అది చాలును.

గేరు పంపులో రెండు పండ్ల చక్రములు ఒకదానితో నొకటి కలిసి తిరుగుచు, పండ్ల సందులలో ఆయిలును మోసికొని పోవును. ఆ చక్రములకును చుట్టునున్న గోడకును నడుమ సందు మిక్కిలి సన్నమైనది. ఇసుక రేణువులు ఆయిలులో చేరెనేని ఆ గోడ గీతలుపడి సందు పెరుగును. ఆయిలు వెనుకకు జారిపోవును. పంపునకు శత్రువు పని గాదు, మురికి యని గ్రహింపవలెను.

లక్షణములను బట్టి కారణము నెరుగుట

1. బొత్తిగా లేవకుండుట. మొదట ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి ఆయిలు మట్టమును పుల్లతో కొలువవలెను. వెనుక పెట్టెలోని ఆయిలే లిఫ్టునకును ఉపయోగపడు ట్రాక్టర్లు మెండు. ఎచ్చటనైన కారి తగ్గినను, ట్రాలీ జాకీకి కొంత పోయినను లిఫ్టు ఆగును. కొన్ని ట్రాక్టర్లలో పి.టి.ఓ. లివరు వేయనిదే పంపు తిరుగదు. ఈ రెండును చూడక బోల్టు విప్పరాదు.

2. మెల్లగా లేచుట, పంపు కీచుమని మూలుగుట. ఇది పంపునకు ఆయిలు చాలినంత అందకపోవుటకు గుర్తు. ఫిల్టరు గాని లోపలి జల్లెడ గాని మూసికొనిపోయి యుండును. దానిని శుభ్రపరచినను మార్చినను పెక్కుమార్లు దోషము తీరును.

3. ఆయిలు నురుగు కట్టుట. పీల్పు గొట్టపు అతుకులోనో రబ్బరు రింగులోనో గాలి దూరుచున్నదని యర్థము. ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో అందు నీరు కలిసినది. దమ్ము చేయు బండ్లకు ఇది సామాన్యము. అట్టి ఆయిలును పూర్తిగా తీసివేసి క్రొత్తది పోయవలెను. దమ్ము దినములలో ఉదయమున ఇంజను నడుపకముందు అడుగు బోల్టును కొంచెము వదులుచేసినచో, రాత్రి అడుగున చేరిన నీరు ముందుగా కారిపోవును.

4. లేచిన పనిముట్టు నిలువక దిగిపోవుట. పనిముట్టును ఎత్తి, ఇంజనును ఆపి, దూరముగా నిలిచి చూడవలెను. చాల సేపటికి కొద్దిగా దిగుట దోషము గాదు. కొద్ది నిమిషములలోనే నేలకు దిగినచో పిస్టను సీలో, సిలిండరో, వాల్వో కారుచున్నది. ఇంజను ఆగినప్పుడు గేరు పంపు తిరుగనే తిరుగదు గదా! ఆ దోషమును పంపుపై మోపుట న్యాయము గాదు. ఇంజను నడుచుచుండగా చేతులు మాటిమాటికి తలయూపినట్లు కదలుటకు గూడ ఇట్టి కారుడే సామాన్యముగా కారణము.

5. ఉదయమున బాగుగా లేచి, వేడెక్కిన పిమ్మట బలము తగ్గుట. వేడికి ఆయిలు పలుచనై సందులగుండ జారును. ఇచ్చట పంపు అరిగినదని అనుమానింపవచ్చును. అయినను మెకానిక్కుచేత ఒత్తిడి గేజి పెట్టించి చూచిన పిమ్మటనే నిశ్చయింపవలెను. గేజి లేకుండ పంపు మార్చుట నాడి చూడక మందిచ్చుట వంటిది.

బలము చాలదని రిలీఫ్ వాల్వును బిగించువారు కలరు. ఇది మిక్కిలి అపాయము. ఒత్తిడి మితి మీరినచో గొట్టము పగులును, పంపు చీలును.

పంపును మార్చునపుడు

పనిముట్టును నేలకు దించి, ఇంజనును ఆపి, లివరును క్రిందికి త్రోసి ఒత్తిడిని విడువవలెను. పంపు చుట్టునున్న బురదను విప్పకముందే కడిగి తుడువవలెను. పాత ఆయిలును తీసి అడుగున ఇనుప రజను ఉన్నదేమో పరికింపవలెను. రజను ఉన్నచో పెట్టెను, జల్లెడను కడుగక క్రొత్త పంపు వేసినచో అదియు త్వరలోనే పాడగును. క్రొత్త పంపు పాతదానివలెనే అదే దిక్కున తిరుగునదై యుండవలెను. తిరుగు దిక్కు తారుమారైన పంపు ఆయిలును నెట్టదు. రబ్బరు రింగులు క్రొత్తవి వేసి ఆయిలు రాయవలెను. బిగించుటకు ముందు పంపులో శుభ్రమైన ఆయిలు నింపవలెను. ఎండి తిరిగిన పంపు కొద్ది క్షణములలోనే గీతలుపడును. ఇంజనును మెల్లగా నడిపి, బరువు లేకుండ చేతులను పలుమార్లు ఎత్తి దించి గాలి వెడలించి, మరల మట్టము కొలువవలెను. ట్రాక్టరు పుస్తకములో చెప్పిన రకపు ఆయిలునే పోయవలెను. ఆ ఆయిలులోనే బ్రేకులు మునిగియుండు బండ్లలో చౌక ఆయిలు లిఫ్టునే గాక బ్రేకులను గూడ చెరచును. పంపు వెనుక పెట్టె లోపల నున్న ట్రాక్టర్లలో ఈ పనిని తెలిసిన మెకానిక్కునకే అప్పగించుట మేలు.

ప్రాణమునకు సంబంధించిన రెండు మాటలు

ఎత్తియున్న పనిముట్టు క్రింద చేయి గాని తల గాని పెట్టరాదు. సీలు తెగినను, పిల్లవాడొకడు లివరును ముట్టినను అది క్షణములో పడును. తప్పనిసరియైనచో దృఢమైన దిమ్మెలు పెట్టిన పిమ్మటనే క్రిందికి వంగవలెను.

రెండవది: కారుచున్న గొట్టమును వ్రేలితో తడిమి చూడరాదు. సూది మొనంత రంధ్రమునుండి వెడలు ఆయిలు చర్మమును చొచ్చి లోపలికి పోగలదు. గాయము చీమ కుట్టినట్లుండును, నొప్పియు మొదట అంతగా నుండదు. కాని లోపల కండ చచ్చి, ఆలస్యమైనచో వ్రేలో చేయియో తీసివేయవలసి రావచ్చును. వెంటనే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోయి, ఒత్తిడితో ఆయిలు చొచ్చినదని స్పష్టముగా చెప్పవలెను. కారుడు చూచుటకు అట్టముక్కను దూరముగా పట్టిన చాలును.

సంఘములు చేయదగిన పని

సంఘపు ట్రాక్టరును పలువురు నడుపుదురు. పదిమంది సొమ్మును ఎవరును తన సొమ్ముగా చూడరు. కావున బండితోపాటు ఒక చిన్న పుస్తకము నుంచి, ఆయిలు కొలిచిన తేది, ఫిల్టరు మార్చిన తేది, నడచిన గంటలు, డ్రైవరు సంతకము వ్రాయించుట మంచిది. దమ్మునకు పదునైదు దినములు ముందే లిఫ్టును బరువుతో పరీక్షించినచో, దోషమున్నను సరిచేయుటకు వ్యవధి దొరకును. క్రొత్త పంపు వెలతో పోల్చిన ఫిల్టరు వెల స్వల్పము. పుస్తకము వెల మరియు స్వల్పము. ఈ సంగతులను సభ్యులు తమ డ్రైవర్లకు చదివి వినిపింతురుగాక.