మనసుకూ రెస్టు కావాలి: ఖరగ్‌పూర్ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ నుంచే వచ్చాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వెళ్లిన కుటుంబాలు అక్కడ మూడో తరం, నాలుగో తరం చూస్తున్నాయి. గోల్‌బజార్‌లో బేరం మూడు భాషల్లో సాగినా, ఇంట్లో నవ్వినా ఏడ్చినా తెలుగులోనే. రాసినవాళ్లు వేరైనా అందరి అనుమానం ఒకటే: "ఇది జబ్బా, నా చేతకానితనమా?" చేతకానితనం కాదని ముందే చెబుతున్నాను. కష్టం తన చేతిలో లేకపోవడం, దాన్ని ఒంటరిగా మొయ్యాల్సి రావడం, ఈ రెండూ మనిషిని ఎక్కువ కుంగదీస్తాయని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. ఈ రెండింటినీ కొంతైనా సరిచేసుకునే దారులు ఉన్నాయి. అవే ఈ జవాబులు.

ప్రశ్న: మా ఆయన గూడ్సు లోకో పైలట్. డ్యూటీ కాల్ ఎప్పుడొస్తుందో తెలీదు. అర్ధరాత్రి వెళ్లి మర్నాడు ఎండెక్కాక వస్తారు. పడుకున్న మూడు గంటలకే లేచిపోతారు. పిల్లలు కాస్త గట్టిగా మాట్లాడితే చెయ్యెత్తుతున్నారు. పెళ్లయిన కొత్తలో ఇలాంటి మనిషి కారు. మా అత్తగారు ఎవరో ఏదో చేయించారని దిష్టి తీయిస్తున్నారు. నాకేమీ తోచట్లేదండీ.
- ఒక ఇల్లాలు, మథురాకాటి

జవాబు: అమ్మా, దిష్టి తీస్తే అత్తగారి మనసు కుదుటపడుతుందేమో. మీ ఆయనకు కావలసింది మాత్రం నిద్ర. మన మెదడు లోపల ఒక చిన్న కణాల గుంపు వెలుతురును బట్టి ఒంటికి పగలేదో రాత్రేదో చెబుతూ ఉంటుంది. ఈ లోపలి గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రంతా బండి నడిపి పొద్దున పడుకున్న మనిషికి ఒళ్లు నిద్ర అడుగుతుంటే ఆ గడియారం లేవమంటుంది. అందుకే మూడు గంటలకే మెలకువ.

ఇక కోపం సంగతి. 2007లో అమెరికాలో కొందరిని ఒక రాత్రి నిద్రపోనివ్వకుండా ఉంచి, మర్నాడు మనసును కలవరపెట్టే బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. భయానికీ కోపానికీ స్పందించే అమిగ్డలా అనే భాగం, హాయిగా నిద్రపోయినవాళ్లలో కంటే వీళ్లలో 60 శాతం ఎక్కువగా చెలరేగింది. దాన్ని అదుపులో ఉంచే నుదుటి వెనక భాగంతో సంబంధం సడలింది. ఒక్క రాత్రికే ఇంత మార్పు వస్తే, ఏళ్ల తరబడి నైట్లు చేసేవారి సంగతి ఆలోచించండి. అయితే కారణం తెలిసినంత మాత్రాన పిల్లల మీద చెయ్యెత్తడం ఒప్పు కాదు. ఈ మాట ఆయన నిద్రపోయి లేచి, తిని, కుదురుగా ఉన్నప్పుడు చెప్పండి. డ్యూటీ దిగి గుమ్మంలో అడుగుపెట్టగానే వద్దు.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆయన పడుకునే గదికి మందపాటి ముదురు రంగు తెరలు కట్టండి. డ్యూటీ చివరి నాలుగైదు గంటల్లో టీ మానెయ్యమనండి. తాగిన టీలోని కెఫీన్‌లో సగం అయిదారు గంటల దాకా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి కాల్ రావచ్చనుకున్న రోజు సాయంత్రం గంటన్నర పడుకుంటే బండి మీద కునుకు తగ్గుతుంది. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి వైద్యం ఉంది. సొంతంగా నిద్రమాత్రలు కొని మింగడం ఎవరికీ మంచిది కాదు, లోకో పైలట్‌కు అసలే కాదు.

కాల్ మీ చేతిలో లేదు. కానీ కాల్‌కూ కాల్‌కూ మధ్య ఇల్లు మీ ఇద్దరి చేతిలో ఉంది. అది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో 1967లో 17,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగుల మీద ఒక పరిశోధన మొదలైంది. అట్టడుగు హోదాలో ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు పై హోదావారి కంటే దాదాపు మూడు రెట్లు కనిపించాయి. ఆ వరసలోనే తర్వాత జరిగిన పరిశోధనలో, చేసే పని మీద తమ మాట చెల్లని ఉద్యోగులకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలింది. కాబట్టి ఇంటి దగ్గర దొరికే హెడ్‌క్వార్టర్ రెస్టు గంటల్లో ఎప్పుడు పడుకోవాలి, ఎప్పుడు పిల్లలతో గడపాలి అన్నది ఆయన్నే నిర్ణయించనివ్వండి. ఆ గంటల్లో బంధువుల పనులు పెట్టకండి.

ప్రశ్న: రెండు నెలల క్రితం మా బండి కింద ఒకాయన పడ్డాడు. ఫోన్‌లో మాట్లాడుతూ పట్టాలు దాటుతున్నాడు. హారన్ కొడుతూనే ఉన్నాం, బ్రేకు వేశాం, బండి ఆగలేదు. ఇప్పటికీ ఆ చోటు దగ్గరపడితే చేతులు చల్లబడిపోతాయి. హారన్ వింటే ఆయన మొహం కనిపిస్తుంది. తోటివాళ్లు "లైన్‌లో ఇవన్నీ మామూలే, రెండు పెగ్గులేసి మర్చిపో" అంటున్నారు. నేనే పిరికివాణ్నా?
- ఒక అసిస్టెంట్ లోకో పైలట్, నింపుర

జవాబు: తమ్ముడూ, నువ్వు పిరికివాడివి కాదు, దోషివీ కాదు. నిండు లోడుతో వెళ్తున్న గూడ్సు ఎమర్జెన్సీ బ్రేకు పడ్డాక కూడా వందల మీటర్లు పోతుందని నాకంటే నీకే బాగా తెలుసు. ఆ నిమిషంలో నీ చేతిలో ఉన్నదంతా నువ్వు చేశావు.

ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. అప్పుడు చూసిందీ విన్నదీ మెదడులో మామూలు జ్ఞాపకంలా సర్దుకోకుండా, చప్పుడుతో, బొమ్మతో, చేతుల చల్లదనంతో సహా ముద్రపడిపోతుంది. తర్వాత అందులో ఒక్క ముక్క, నీ విషయంలో హారన్, ఎదురైనా మొత్తం తిరగబడి వస్తుంది. మొదటి కొన్ని వారాలు ఇలా ఉండటం సహజం. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకపోతే దానికి వైద్యం కావాలి. వైద్యశాస్త్రం 1980లో దీనికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరుపెట్టి గుర్తించింది. ఇది యుద్ధం నుంచి వచ్చిన సైనికులకే పరిమితం కాదు. స్టాక్‌హోం మెట్రో డ్రైవర్ల మీద 1990లలో జరిగిన పరిశోధనలో, బండి కింద మనిషి పడటం అనుభవించిన డ్రైవర్లు ఆ తర్వాత ఎక్కువ రోజులు సిక్ లీవులో ఉండాల్సి వచ్చిందని తేలింది. అంటే నీకు జరిగింది ప్రపంచంలో ఎక్కడి డ్రైవర్‌కైనా జరిగేదే.

పెగ్గు మాట వినకు. మందు నిద్రను ముక్కలు చేస్తుంది, పీడకలలు పెంచుతుంది, చివరకు డ్యూటీ ఎక్కే లాబీలో బ్రెత్ ఎనలైజర్ ముందు ఉద్యోగం మీదికి తెస్తుంది. అలాగని ఎవరో బలవంతపెడితే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పుకురావాల్సిన పనీ లేదు. ప్రమాదం జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించడం వల్ల మేలు లేదని పరిశోధనలు తేల్చాయి. పనిచేసేది వేరు. శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గర కొన్ని వారాలపాటు, నీ వీలునుబట్టి ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే ట్రామా ఫోకస్డ్ సిబిటి, కంటి కదలికలతో చేసే ఇఎండిఆర్. ఈ రెండింటికీ గట్టి ఆధారాలున్నాయి.

నీ చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్ (సి.ఎల్.ఐ.)తో విషయం చెప్పు, రైల్వే ఆసుపత్రిలో చూపించుకో. "డీకేటగరైజ్ చేసేస్తారు", అంటే బండి నడపడానికి పనికిరావని తేల్చేస్తారు, అన్న భయంతో చాలామంది నోరు విప్పరు. చికిత్సతో తగ్గే బాధ ఇది. ఒకవేళ ఉద్యోగంలో ఉండగా ఎవరికైనా వైకల్యమే వచ్చినా, ప్రభుత్వ సంస్థ వారిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం మీద వేరే పోస్టుకు మార్చాలి అని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ చెబుతోంది. దాచుకుని కేబిన్ ఎక్కడమే నీకూ, వెనక ఉన్న బండికీ ప్రమాదం.

ప్రశ్న: వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి నిరుడు రిటైరయ్యాను. ఇప్పటికీ తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది. లేచి ఏం చెయ్యాలో తెలీదు. పేపరు చదవబుద్ధి కాదు, చేపల పులుసు కూడా రుచించడం లేదు. నడుం నొప్పి, నీరసం. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో. నా ఆవిడ గుడికి వెళ్లమంటుంది.
- ఒక విశ్రాంత ఉద్యోగి, ఛోటా టెంగ్రా

జవాబు: అయ్యా, 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహె అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు జీవితంలో మనిషిని కుదిపేసే 43 మార్పులను వరసపెట్టి మార్కులు వేశారు. భార్యో భర్తో పోవడం 100, పెళ్లి 50, పదవీ విరమణ 45. జాబితాలో అది పదోది. సంతోషంగా సన్మానం చేసి పంపించే రోజు ఇంత బరువైనదని మన ఇళ్లలో ఎవరూ అనుకోరు.

మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతాను. గడిచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? రెంటిలో ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడవలసిందే. పెద్దవయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక నడుం నొప్పిగా, నీరసంగా, తెల్లవారుజాము మెలకువగా కనిపిస్తుంది. థైరాయిడ్, బి12 పరీక్షలు కాకపోయి ఉంటే అవీ చేయించండి. మీ ఉమీద్ అనే రైల్వే వైద్య కార్డుతో రైల్వే ఆసుపత్రిలోనే అడగవచ్చు. మందులు రాస్తే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపకండి.

ఇక రోజు గడవడం గురించి. "మనసు బాగుపడ్డాక బయటికి వెళ్తాను" అనుకోకండి. ముందు వెళ్లండి, మనసు తర్వాత కదులుతుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స మొత్తం ఈ సూత్రం మీదే నడుస్తుంది, ఫలితం ఉందని నిరూపణ అయింది. రోజుకు రెండు పనులు గంటతో సహా కాగితం మీద రాసుకోండి. ఒకటి ఒంటికి, ఒకటి మనుషులతో. మీ ఆవిడ గుడికి వెళ్లమన్నదీ మంచి మాటే, నలుగురు కనిపిస్తారు. వేసవికి ముందు వాడల్లో మాతా పూజ ఏర్పాట్లు ఉంటాయి కదా, అందులో ఒక బాధ్యత అడిగి తీసుకోండి. ఇంజను విప్పి బిగించిన చేతులు మీవి. పేటలో కుర్రాళ్లకు పనిముట్టు పట్టడం నేర్పండి. మనుషుల తోడు మందుతో సమానమన్నది ఊరడింపు మాట కాదు. 2010లో జూలియాన్ హోల్ట్ లున్‌స్టాడ్ బృందం 148 పరిశోధనలు, 3 లక్షలకు పైగా మనుషుల వివరాలు కలిపి చూస్తే, గట్టి సంబంధాలున్నవారు ఆయా పరిశోధనల కాలంలో బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువగా తేలింది.

ప్రశ్న: నాన్నగారు రైల్వేలో చేస్తారు. నేను జెఇఇకి చదువుతున్నాను. ఐఐటీ గేటు ముందు నుంచి సైకిల్ మీద వెళ్తే గుండె దడ. మాక్ టెస్టులో వచ్చినవి కూడా మర్చిపోతున్నాను. "మీ తాత పట్టాల మీద సుత్తి కొట్టాడు, నువ్వు ఆ గేటు లోపలికి వెళ్లాలి" అంటారు నాన్న.
- ఒక విద్యార్థి, ఇందా

జవాబు: బాబూ, కొంత కంగారు చదువుకు మంచిదే. అది హద్దు దాటితే తెలిసినదీ గుర్తురాదు. బుర్రలో లెక్క చేసుకునే చోటును "ఏమవుతుందో" అన్న ఆలోచన ఆక్రమిస్తుంది. 2011లో జెరార్డో రామిరెజ్, షాన్ బైలాక్ పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను ఉన్నదున్నట్టు కాగితం మీద రాయమని విద్యార్థులకు చెప్పారు. బాగా కంగారుపడే పిల్లల మార్కులు మెరుగుపడ్డాయి. వచ్చే మాక్ టెస్టుకు ముందు నువ్వూ రాసి చూడు. దడ వచ్చినప్పుడు లోపలికి పీల్చేదానికంటే బయటికి వదిలే ఊపిరి ఎక్కువసేపు ఉండేలా అయిదు నిమిషాలు చెయ్యి. రాత్రి నిద్ర తగ్గించుకోకు. పగలు చదివినది మెదడులో నిలబడేది నిద్రలోనే.

ఈ పేరా మీ నాన్నగారికి చూపించు. అయ్యా, మీ మాట వెనక ఉన్న ప్రేమ నాకు అర్థమైంది. కానీ మూడు తరాల బరువు ఒక్క పరీక్ష మీద పెడితే పిల్లవాడి చేతిలో ఏమీ మిగలదు. ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఆ ఐఐటీలోనే, 2016 నుంచి సంతోషం మీద శాస్త్రీయ పరిశోధనకు రేఖీ సెంటర్ అనే విభాగం ఉంది. ఆ గేటు లోపలివాళ్లకే సంతోషం గురించి వేరుగా చదవాల్సిన అవసరం కనిపించిందంటే, గేటు దాటడమే సంతోషం కాదన్నమాట. "ఎన్ని మార్కులు?" అనే ముందు "ఈ రోజెలా గడిచింది?" అని అడగండి.

ప్రశ్న: మా అమ్మకు తెలుగు తప్ప రాదు. డాక్టరుకు మనసులో మాట చెప్పుకోలేకపోతోంది. ఎక్కడికి తీసుకెళ్లాలి?
- ఒక కూతురు, ఖరీదా

జవాబు: అమ్మా, ముందు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ సేవ ఇది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. తర్వాత రైల్వే డివిజనల్ ఆసుపత్రికో మేదినీపూర్ మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగానికో వెళ్లేటప్పుడు అమ్మ చెప్పినవి తెలుగులో రాసుకుని, మీరు డాక్టరుకు బెంగాలీలోనో హిందీలోనో చెప్పండి. నడుమ అమ్మ మాటను తగ్గించకండి, కలపకండి.

ఎవరైనా "బతకడం ఎందుకు" అంటే తిట్టకండి, మాట మార్చకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ అని పరిశోధనలు తేల్చాయి. ఒంటరిగా వదలకుండా వెంటనే సాయానికి తీసుకెళ్లండి.

2015-16లో నిమ్హాన్స్ పశ్చిమ బెంగాల్‌తో కలిపి 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదని అందులో తేలింది. వాళ్లలో మన రైల్వే క్వార్టర్లవాళ్లూ ఉంటారు. పాఠకులకు నా మనవి ఒక్కటే: ఈ పేజీ చదివాక మీ ఇంట్లో ఈ మధ్య మాట తగ్గించిన మనిషి ఎవరో చూడండి. ఈ రోజే పక్కన కూర్చుని అడగండి. జ్వరానికి వెళ్లినట్టే మనసు బాధకూ డాక్టరు దగ్గరికి వెళ్లండి.