మురికిలోనూ పలికే గుర్తు
పశువుల రేడియో పోగులపై సభ్య సంఘాలకు ఒక పాఠం

పాడి రైతుకు తన గేదెను గుర్తు పట్టడానికి ఏ చీటీ అక్కరలేదు. ఊరి మంద అంతా చెరువులో పడి ఉన్నా, కొమ్ము వంపు చూసి, నడక చూసి, "అది మాది" అని చెప్పగలడు. కాని ఆ గుర్తు ఆయన కంటిలో ఉన్నది. బీమా కంపెనీ వారికి, టీకాలు వేయ వచ్చిన సిబ్బందికి, సంతలో కొన్న పొరుగూరి రైతుకు ఆ కన్ను లేదు. వారికి నల్ల గేదెలన్నీ ఒకటే. అందుకే చెవికి పోగు అవసరమైనది.

పోగు విలువ గేదె బాగున్నప్పుడు తెలియదు. అది చనిపోయిన నాడు తెలుస్తుంది. బీమా పత్రంలో ఉన్న అంకెలు, పశువు చెవిలో ఉన్న అంకెలు ఒకటి కాకపోతే, లేదా చెవిలో పోగే లేకపోతే, రైతు ఎంత నిజం చెప్పినా సొమ్ము చేతికి రావడం కష్టం. రెండు గేదెలున్న ఇంటిలో ఒకటి పోతే సగం రాబడి పోయినట్లే. అందుచేత పోగును గూర్చి, ఇప్పుడు దాని స్థానంలో వస్తున్న రేడియో పోగును గూర్చి సభ్యులందరూ తెలుసుకొనుట అవసరం.

మన పసుపు పోగు

ఇప్పుడు మన పశువుల చెవులకు ఉన్న పసుపు పోగుపై 12 అంకెల సంఖ్య, దానితో పాటు నల్లని చారల గుర్తు (బార్‌కోడు) ఉంటాయి. ఈ సంఖ్య దేశంలో మరే పశువుకూ ఉండదు. గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణకు జాతీయ కార్యక్రమం 2019 సెప్టెంబరు 11న మథురలో ప్రారంభమైనప్పటి నుండి టీకాతో పాటు పోగు వేయడం దేశమంతటా విస్తరించినది. టీకా వేసిన తేదీ, కృత్రిమ గర్భధారణ చేసిన తేదీ, ఈనిన తేదీ, యజమాని పేరు ఈ సంఖ్య మీదనే కంప్యూటరులో నమోదవుతాయి. మొదట ఈ పనికి జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ తయారు చేసిన 'ఇనాఫ్' అనే ఏర్పాటు ఉండేది. తరువాత ఆ స్థానంలో 'భారత్ పశుధన్' వచ్చినది.

ఈ పోగు చవక, తేలిక, చూసి చదువుకోవచ్చు. ఇవి దాని మంచి గుణాలు. దాని బలహీనత కూడా అక్కడే ఉన్నది. దానిని కంటితో గాని, కాంతితో పనిచేసే పరికరంతో గాని చదవాలి. గేదె బురదలో పొర్లి వచ్చిన పూట, పేడ ఎండి పొలుసు కట్టిన పూట చారలు కనబడవు. అప్పుడు 12 అంకెలనూ చేతితో రాసుకోవలసి వస్తుంది. ఒక 3ను 8గా రాస్తే మీ గేదెకు వేసిన టీకా మరొకరి గేదె పేరున పడుతుంది, లేదా ఎక్కడా పడదు.

రైలు పెట్టెలు నేర్పిన పాఠం

ఈ ఇబ్బంది మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలో లక్షల సంఖ్యలో గూడ్సు పెట్టెలు ఒక కంపెనీ పట్టాల నుండి మరొక కంపెనీ పట్టాల మీదికి తిరుగుతుంటాయి. ఏ పెట్టె ఎక్కడ ఉన్నదో తెలియాలని 1967లో అక్కడి రైల్వేల సంఘం ఒక ఏర్పాటును తప్పనిసరి చేసినది. పేరు 'కార్‌ట్రాక్'. ప్రతి పెట్టె పక్కన రంగు చారల పట్టీ అతికించి, పట్టాల పక్కన నిలిపిన కాంతి యంత్రంతో చదివేవారు. 1975 నాటికి నూటికి 90 పెట్టెలకు పట్టీలు అంటించారు. అయితే మసి, దుమ్ము, దెబ్బల వలన కొన్నేళ్ళకు నూటికి సుమారు 80 పట్టీలు మాత్రమే చదవ వచ్చేవి. అయిదు పెట్టెల్లో ఒకటి తప్పిపోతుంటే ఆ లెక్కను ఎవరు నమ్ముతారు? 1977లో ఆ ఏర్పాటును వదిలివేశారు.

అదే దశాబ్దంలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని లాస్ అలమోస్ ప్రయోగశాల మరొక పని మీద ఉన్నది. ఆ పని ఆవులది! జబ్బు చేసిన ఆవులకు మందు ఇచ్చేటప్పుడు ఒకదానికే రెండుసార్లు పడకుండా, మరొకదానికి తప్పిపోకుండా గుర్తించే మార్గం కావాలని అమెరికా వ్యవసాయ శాఖ కోరినది. అక్కడి శాస్త్రవేత్తలు రేడియో తరంగంతో చదివే గుర్తును తయారు చేశారు. వారి పరిశోధన పత్రం 1975లో వెలువడినది. ఆ బృందంలోని కొందరు 1984లో 'ఆమ్‌టెక్' అనే కంపెనీ స్థాపించారు. ఆవు కోసం పుట్టిన విద్యను గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, వాహనాలకు, రైలు పెట్టెలకు అమర్చారు. ఎండ, మంచు, కుదుపు, మసి అన్నిటినీ తట్టుకొని పెట్టెకు రెండు వైపులా ఈ గుర్తులు నిలిచాయి. 1990ల ఆరంభంలో రైల్వేల సంఘం వీటిని తప్పనిసరి చేసినది. 1994 నాటికి పది లక్షలకు పైగా పెట్టెలకు ఇవి ఉన్నాయి.

కాంతితో చదివే గుర్తు ఓడిన చోటనే రేడియోతో చదివే గుర్తు నిలిచినది. కారణం ఒకటే. కాంతి బురదను దాటలేదు, రేడియో తరంగం దాటగలదు.

బ్యాటరీ లేకుండా ఎలా పలుకుతుంది?

రేడియో పోగును విప్పి చూస్తే సన్నని రాగి తీగ చుట్ట, నువ్వు గింజంత చిప్పు కనబడతాయి. సాధారణంగా బ్యాటరీ ఉండదు. చదివే పరికరాన్ని (రీడరును) దగ్గరకు తెచ్చినప్పుడు దాని నుండి వచ్చే అయస్కాంత క్షేత్రం వలన చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆ కాస్త శక్తితో చిప్పు మేలుకొని తన సంఖ్యను తెలుపుతుంది. రీడరు తీసివేస్తే మళ్ళీ నిద్రపోతుంది. బ్యాటరీ లేదు గనుక అయిపోయేది లేదు. పోగు పగలనంత కాలం పనిచేస్తుంది.

ఇందులో రెండు జాతులు ఉన్నాయి. వీటి తేడా తెలియకుండా కొనరాదు.

మొదటిది తక్కువ పౌనఃపున్యం పోగు. పశువుల కొరకు అంతర్జాతీయ ప్రమాణంలో నిర్ణయించినది 134.2 కిలోహెర్ట్‌జ్. నీరు, బురద, మాంసం దీనికి దాదాపు అడ్డు కావు. కాని చేతి రీడరుతో జానెడు మొదలు మూరెడు దూరంలోనే చదవగలం. ఒకసారి ఒక పశువునే చదువుతుంది.

రెండవది ఎక్కువ పౌనఃపున్యం పోగు. మన దేశంలో 865 నుండి 868 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తుంది. కార్ల అద్దాలకు అంటించే ఫాస్టాగ్ ఈ జాతిదే. పిల్లలు అద్దం ముక్కతో ఎండను గోడ మీదికి తిప్పినట్లు, ఇది రీడరు పంపిన తరంగాన్నే తిప్పి పంపుతూ, ఆ తిప్పడంలో తన సంఖ్యను చెబుతుంది. కొన్ని మీటర్ల దూరం నుండి ఒకేసారి అనేక పోగులను చదవవచ్చు. అయితే నీరు ఈ తరంగాన్ని మింగివేస్తుంది. పశువు ఒళ్ళు ఎక్కువ భాగం నీరే గనుక చెవి తలకు ఆనుకొని ఉన్నా, పోగు తడిసి ముద్దయినా చదువు తప్పవచ్చు.

పోగుకు నాలుగు శత్రువులు

1. తడి. చిన్న పగులు ద్వారా నీరు లోపలికి పోతే రాగి తీగ చెడుతుంది. అందుకే మంచి తయారీదారులు చిప్పును ప్లాస్టిక్‌లో సందు లేకుండా పోతపోస్తారు. డబ్బీ మీద 'ఐ.పి. 67' వంటి గుర్తు ఉంటే చదవడం నేర్చుకోవాలి. మొదటి అంకె 6 అంటే దుమ్ము చొరదు. రెండవ అంకె 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ముంచినా లోపలికి నీరు పోదు. 8 అంటే అంతకన్న కఠినమైన పరీక్ష, దాని లోతును, కాలాన్ని తయారీదారు చెప్పాలి. రోజూ చెరువులో పడుకొనే గేదెకు ఈ విషయం ముఖ్యం.

2. ఇనుము. లోహం తరంగాన్ని తిప్పికొట్టి పోగు శ్రుతిని చెడగొడుతుంది. పాలక్యాను మీద, ట్యాంకరు మీద మామూలు అట్ట పోగు అంటిస్తే మూగపోతుంది. లోహానికి, తీగకు మధ్య తగిన పొర ఉంచి తయారు చేసిన ప్రత్యేకమైన పోగులు కావాలి. ఇలాంటి వాటికే పేరు పడిన కంపెనీ 'ఆమ్ని ఐడి' ఉండేది. దానిని 2021లో 'హెచ్.ఐ.డి. గ్లోబల్' కంపెనీ కొన్నది. పశువుల కొట్టంలో కూడా ఇనుప గొట్టాల దగ్గర రీడరు మొరాయిస్తే పోగు చెడిందని అనుకోరాదు. పశువును రెండడుగులు ఇవతలికి తెచ్చి మళ్ళీ చదవాలి.

3. ఎండ. నాసిరకం ప్లాస్టిక్ ఎండకు పెళుసు బారి విరుగుతుంది. చెవి పోగులకు వంగే గుణం గల పాలీయురెథేను వాడతారు.

4. రాపిడి. ముళ్ళకంచె, గాటి కర్ర, పక్క పశువు కొరుకుడు. పోగు ఊడిపోతే దానితో పాటు చిప్పూ పోతుంది. ఈ ఒక్క విషయంలో రేడియో పోగు మామూలు పోగు కన్న మెరుగు కాదని సభ్యులు గుర్తుంచుకోవలెను.

ఊడకుండా ఉండడానికి మరి రెండు మార్గాలు ఉన్నాయి. బియ్యపు గింజ కన్న కాస్త పెద్దదైన గాజు గొట్టంలో చిప్పు పెట్టి సూదితో చర్మం కిందికి ఎక్కించడం ఒకటి. ఇది పైకి కనబడదు, ఒక్కొక్కప్పుడు ఉన్న చోటు నుండి జరుగుతుంది కూడా. బరువైన పింగాణీ బిళ్ళలో చిప్పు పెట్టి మింగించడం రెండవది. నెమరువేసే పశువు పొట్ట మొదటి గదులలో ఆ బిళ్ళ బరువుకు అడుగున ఉండిపోతుంది. పొట్టలోని పులుపుకు, వేడికి, కదలికకు తట్టుకొని జీవితాంతం పలుకుతుంది. 1998-2001 మధ్య ఐరోపా దేశాలలో సుమారు పది లక్షల పశువులపై జరిగిన పరీక్షలో చెవి పోగులతో పాటు ఈ బిళ్ళలను కూడా వాడి చూశారు.

ఇతర దేశాలలో

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2002లో మొదలు పెట్టగా, 2005 నుండి దేశమంతటా ఆవులకు రేడియో పోగు తప్పనిసరి అయినది. అమెరికాలో రాష్ట్రాల మధ్య కదిలే కొన్ని తరగతుల పశువులకు, పాడి పశువులతో సహా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో చదవగల అధికారిక పోగు ఉండాలని 2024 నవంబరు 5 నుండి నిబంధన ఉన్నది. ఈ దేశాల ముఖ్య ఉద్దేశం ఒకటే. వ్యాధి తగిలినప్పుడు ఆ పశువు ఎక్కడి నుండి వచ్చినది, ఏ పశువులతో కలిసినది గంటలలో తెలియాలి.

సంఘం కొనే ముందు

రేడియో పోగులు అమ్మడానికి వచ్చినవారిని పాలకవర్గం ఈ ప్రశ్నలు అడగవలెను.

1. ఇది ఏ పౌనఃపున్యం? పశువులకు సంబంధించిన ఐ.ఎస్.ఓ. 11784, 11785 ప్రమాణాలకు సరిపోతుందా? ఆ ప్రమాణంలో సంఖ్య 15 అంకెలు. దేశం పేరున ఇచ్చే సంఖ్య అయితే మొదటి మూడు అంకెలు దేశానివి, భారతదేశానికి 356. తరువాతి 12 అంకెలు పశువువి.

2. చిప్పులోని 12 అంకెలు, పైన అచ్చువేసిన 12 అంకెలు ఒకటేనా? ప్రభుత్వ నమోదులో అదే సంఖ్య ఎక్కుతుందా? లేకపోతే ఒక గేదెకు రెండు పేర్లు ఏర్పడి, బీమా నాడు తగవు వస్తుంది.

3. రీడరు ఇతర కంపెనీల పోగులను కూడా చదువుతుందా? తమ పోగులను మాత్రమే చదివే రీడరు కొంటే సంఘం ఎప్పటికీ ఆ ఒక్క కంపెనీకే కట్టుబడి ఉంటుంది.

4. పోగు చదవకపోతే, ఏడాదిలోపు విరిగితే మార్చి ఇస్తారా? ఆ మాట కాగితం మీద ఉన్నదా?

మాటలు విని తృప్తి పడరాదు. కొద్ది పోగులను మాత్రమే తీసుకొని, చెరువుకు పోయే గేదెలకు వేయించి, వర్షాకాలం దాటేదాకా నెలకొకసారి చదివి పుస్తకంలో రాయండి. ఎన్ని పలికినవి, ఎన్ని మూగపోయినవి, ఎన్ని ఊడినవి అన్నవి మూడు వేరు వేరు లెక్కలు. ఊడినవి ఎక్కువైతే వేసిన తీరులోనో, ప్లాస్టిక్‌లోనో లోపం. మూగపోయినవి ఎక్కువైతే చిప్పులోనో, బిగింపులోనో లోపం.

పోగు వేయించే రోజున

చెవిని శుభ్రంగా తుడిచి, స్పిరిటు రాసి, చెవి మధ్య రెండు గట్టి గీతల నడుమ, రక్తనాళాలు తగలకుండా వేయించాలి. చివరకు వేస్తే చెవి చీలుతుంది. పుండు మానేదాకా రోజూ చూడాలి. వానల్లో ఈగ వాలితే పురుగులు పడతాయి. పోగు ఊడిన రోజునే పశువైద్య సిబ్బందికి, బీమా ఉంటే ఆ కంపెనీకి తెలిపి, కొత్త సంఖ్య వేయించి, పాతదానికి బదులుగా రాయించుకొని రసీదు దాచుకోవాలి. పశువును అమ్మినప్పుడు యజమాని పేరు మార్పించడం మరువరాదు. ఎంత మంచి చిప్పు అయినా తన సంఖ్యను మాత్రమే చెబుతుంది. ఆ సంఖ్య ఎదుట నిజం రాసి ఉంచవలసినది మనమే.

సంఘ సమావేశంలో చర్చించవలసినవి

1. మన సంఘంలో పోగు లేని పాడి పశువులు ఎన్ని? వాటిలో బీమా చేసినవి ఎన్ని?
2. గత ఏడాది ఎన్ని పోగులు ఊడిపోయినవి? ఎన్నింటికి కొత్త సంఖ్య నమోదైనది?
3. రైలు పెట్టెల రంగు పట్టీలు విఫలమైనందుకు కారణమేమి? మన పసుపు పోగుకు అది ఎంత వరకు వర్తిస్తుంది?
4. చెరువులో పడుకొనే గేదెకు రెండు జాతుల రేడియో పోగులలో ఏది తగినది? ఎందువలన?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు పుస్తకంలో లేనిచో, కార్యదర్శి గారు వచ్చే సమావేశానికి ఇంటింటి లెక్క రాసి తేవలెను. రేడియో పోగు కొనాలా వద్దా అన్న మాట ఆ లెక్క చూసిన తరువాతనే.