నక్షత్రాలకు కాపలా కాసేవారు

“సైన్సు క్లబ్బులో పనిచేస్తే మార్కులు కలుస్తాయా మాస్టారూ?” ప్రతి సంవత్సరం బడి తెరవగానే ఈ ప్రశ్న వేసే విద్యార్థులు కొందరుంటారు. కలవవు. జీతమూ ఉండదు. మరి ఆ శ్రమకు ఫలితమేమిటి? నక్షత్రాలను పరిశీలించే ఒక సంఘం కథ తెలుసుకుంటే జవాబు మీకే బోధపడుతుంది.

చర తారలు

నక్షత్రాలన్నీ ఎల్లప్పుడూ ఒకే వెలుగుతో ఉండవు. కొన్నిటి వెలుగు పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. వీటిని చర తారలు అంటారు. ఆల్గాల్ అనే తార సుమారు 2 రోజుల 21 గంటలకు ఒకసారి మసకబారుతుంది. అది నిజానికి జంట తార. వెలుగు తక్కువగా ఉన్న తార రెండవదానికి అడ్డు వచ్చినప్పుడల్లా మనకు కాంతి తగ్గినట్లు కనిపిస్తుంది. మీరా అనే తార సంగతి వేరు. అది తానే ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది. దాని వెలుగు ఒకసారి హెచ్చి తగ్గి మళ్ళీ హెచ్చడానికి సుమారు 332 రోజులు పడుతుంది.

ఈ మార్పులను బట్టి తారల పరిమాణం, వాటి లోపల జరిగే క్రియలు శాస్త్రజ్ఞులు గ్రహిస్తారు. అయితే అందుకు ఏళ్ళ తరబడి రాత్రుల లెక్క కావాలి. శాస్త్రజ్ఞులు కొద్దిమంది, తారలు వేలకు వేలు. పెద్ద దూరదర్శినిని ప్రతి రాత్రీ ఒకే తార వైపు తిప్పి ఉంచడం కుదిరే పని కాదు.

ఈ కొరత తీర్చడానికి 1911లో విలియం టైలర్ ఆల్కాట్ అనే అమెరికన్ న్యాయవాది ఒక సంఘం స్థాపించాడు. దాని పేరు అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్. వేర్వేరు వృత్తులవారు తీరిక వేళల్లో తారల వెలుగును అంచనా కట్టి సంఘానికి పంపేవారు. నేటికీ పంపుతున్నారు.

జెస్సోరు ఉద్యోగి

ఆ సంఘానికి మన ఉపఖండం నుంచి పరిశీలనలు పంపినవారిలో రాధాగోవింద చంద్ర ముఖ్యులు. ఆయనది నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోరు. ప్రవేశ పరీక్ష గట్టెక్కలేదు. ప్రభుత్వ ఖజానాలో చిరుద్యోగం. సొంత డబ్బుతో 3 అంగుళాల దూరదర్శిని కొనుక్కున్నారు. 1918 జూన్‌లో గరుడ రాశిలో, మన శ్రవణా నక్షత్రం ఉన్న రాశిలోనే, ఒక కొత్త వెలుగును ఆయన స్వయంగా గుర్తించారు. 20వ శతాబ్దంలో కనిపించిన నోవాలన్నిటిలోకి ప్రకాశవంతమైనది అదే. ఆ వివరాలు హార్వర్డ్ ఖగోళశాలకు రాసి పంపారు. అలా సంఘంతో సంబంధం ఏర్పడింది.

ఆయన పరిశీలనలు సంఘానికి ఎందుకంత అవసరమయ్యాయో ఆలోచించండి. మనకు రాత్రి 8 గంటలైనప్పుడు న్యూయార్కులో పగలు. అక్కడివారికి కనిపించని గంటల్లో జెస్సోరులో ఒక మనిషి మేలుకొని ఉన్నాడు! 1926లో సంఘం ఆయనకు 6 అంగుళాల దూరదర్శినిని బహూకరించింది. 1954 వరకు ఆయన పంపిన పరిశీలనలు 37,000కు పైగా ఉన్నాయి.

ఆ దూరదర్శిని ఆయనతో ఆగిపోలేదు. అది తరువాత ఎం. కె. వైను బాపు చేతికి వచ్చింది. హైదరాబాదులో నిజామియా ఖగోళశాలలో పనిచేసిన తండ్రి దగ్గర పెరిగి, విద్యార్థిగా ఉండగానే చర తారలను పరిశీలించిన శాస్త్రజ్ఞుడాయన. చివరకు అది తమిళనాడులోని కావలూరు ఖగోళశాలకు చేరింది. 1986 నుంచి ఆ ఖగోళశాల వైను బాపు పేరుతోనే ఉంది.

లభించేదేమిటి?

మొదటిది, ఉన్నది ఉన్నట్లు చూసే అలవాటు. నిన్న ఇంత ఉంది కాబట్టి ఈరోజూ అంతే ఉండాలని రాస్తే ఆ అంకె పనికిరాకపోగా, పక్కవారి లెక్కను కూడా పాడుచేస్తుంది. రెండవది, నమ్మకం. ముఖం చూడని మనిషికి సముద్రాలు దాటించి దూరదర్శిని పంపారంటే, ఆయన అంకెల మీద ఎంత నమ్మకం కుదిరి ఉండాలి! మూడవది, మన పని మన తరువాత కూడా నిలవడం. గడిచిపోయిన రాత్రిని మళ్ళీ ఎవరూ పరిశీలించలేరు. దాన్ని చూసి రాసినవారి కాగితమే మిగులుతుంది.

ఈ పని పాతబడిందనుకోకండి. 2019 చివర ఆర్ద్రా నక్షత్రం మసకబారడం మొదలైంది. సుమారు 0.5 ఉండే దాని ప్రకాశాంకం 2020 ఫిబ్రవరిలో 1.6 దాకా వచ్చింది. ఈ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్లని గుర్తుంచుకోండి. ఆ తార పెద్ద దూరదర్శినుల పరికరాలకు మితిమీరిన వెలుగు. కనుక ఔత్సాహికుల లెక్కలు బాగా ఉపయోగపడ్డాయి. ఆ తార వెలువరించిన పదార్థం ధూళి మేఘమై అడ్డు నిలిచిందని 2021లో శాస్త్రజ్ఞులు వివరించారు.

మీరూ చేయండి

జనవరి నుంచి మార్చి వరకు సాయంకాలం ఆర్ద్ర బాగా కనిపిస్తుంది. దూరదర్శిని అక్కరలేదు. నలుగురైదుగురు కలిసి మేడ మీదకో, మైదానంలోకో వెళ్ళండి. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలు ఆగండి. టార్చి లైటుకు ఎర్ర కాగితం చుట్టండి. రోహిణి ప్రకాశాంకం 0.9, ప్రోసియాన్ తారది 0.4. ఆర్ద్ర వెలుగు ఈ రెంటికీ సరిగ్గా నడుమ ఉంటే 0.65, అంటే సుమారు 0.7. పోల్చే తారలు ఆకాశంలో దాదాపు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు చూడాలి. దిగంతానికి దగ్గరగా ఉన్న తార కొంత మసకగా కనిపిస్తుంది.

ఎవరి అంచనా వారు పక్కవారికి చెప్పకుండా రాసుకుని, ఆ తరువాతే పోల్చుకోండి. తేడా వస్తే దిద్దకండి. తేదీ, గంట, అంకె, పరిశీలించినవారి పేరు క్లబ్బు పుస్తకంలో ఎక్కించండి. మబ్బు పట్టిన రాత్రి “మబ్బు” అని రాయండి. మీరు పదవ తరగతి దాటి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని తొమ్మిదవ తరగతి వారికి అప్పగించండి.