కృపామాత దేవాలయము

ఎర్రగుంట్ల ప్రాంతమున దొరకు నాపరాయి గట్టిది. దానితో పరచిన నేల తరతరములు నిలుచును. కాని రాయి యెట్టిదైనను, కట్టడమునకు కాపు మనుష్యుడే. ఇందులకు గోవాలోని యొక కతోలిక మఠదేవాలయము నిదర్శనము.

1572లో గోవా చేరిన అగస్తీను సభ సన్యాసులు పాత గోవాలోని పవిత్రగిరిపై మఠము నేర్పరచుకొనిరి. 1597 నుండి 1602 వరకు శ్రమించి అచటనే కృపామాత దేవాలయమును కట్టించిరి. ముఖభాగమున 46 మీటర్ల ఘంటాగోపురము, లోపల ఎనిమిది ఉపాలయములు, పైన విశాలమైన కమాను కప్పు ఉండెను. గోడలకు వాడిన ఎర్రరాయి సన్నని రంధ్రములు గలది, నీటిని పీల్చును. సున్నపుపూతయే దానికి కవచము. ఆ పూతను ఎప్పటికప్పుడు వేయుచుండవలెను.

1835లో పోర్చుగీసు ప్రభుత్వము సన్యాసులను వెడలగొట్టెను. పూత వేయువారు, పగుళ్లు పూడ్చువారు లేకపోయిరి. గోవా వర్షములు సామాన్యమైనవి కావు. రెండు శతాబ్దములకు పైగా నిలిచిన కప్పు ఏడేండ్లకే, 1842లో, కూలిపోయెను. 1931లో ముఖభాగమును, గోపురమున సగమును నేలపాలయ్యెను.

1986లో ప్రపంచ వారసత్వ సంపదలుగా గుర్తింపు పొందిన గోవా కట్టడములలో ఈ శిథిలాలయమును చేరినది. మిగిలిన సగము గోపురమును నేడు పురావస్తు శాఖవారు కాపాడుచున్నారు. ఘంట మాత్రము పణజి నగర దేవాలయమునకు చేరి, అచట నేటికిని మ్రోగుచున్నది.