బలిపీఠ మొకటి, దోనెలు రెండు

చదువవలసిన భాగములు: మత్తయి 5:23, 24, లూకా 5:1–11, 1 తిమోతి 2:5



ఈ నెల పాఠమునకై మన పొలముగట్లు విడిచి కొంత దూరము సముద్రముమీద పోవుదము. రామేశ్వరమునకును శ్రీలంకలోని జాఫ్నాకును నడుమనున్న సముద్రములో కచ్చతీవు అను చిన్న దీవి గలదు. దాని విస్తీర్ణము సుమారు 285 ఎకరములు. త్రాగుటకు మంచినీరు లేనందున అక్కడ ఎవరును కాపురముండరు. ఇండ్లు లేవు గాని గుడి యున్నది. అది పదువా పురపు అంతోనిగారి పేరట కట్టబడినది. 2016లో అక్కడ క్రొత్త గుడి కూడ లేచినది.

ఏటేట, సాధారణముగా శ్రమకాల దినములలో, ఇక్కడ రెండు దినములు పండుగ జరుగును. రామేశ్వరపు జాలరులు ఒకవైపునుండి, జాఫ్నా ప్రాంతపు జాలరులు మరియొకవైపునుండి పడవలలో వత్తురు. మొదటి సాయంకాలము జెండా ఎత్తుదురు, సిలువ మార్గము నడుతురు; మరునాటి ఉదయము పూజ ముగియగానే ఎవరి తీరమునకు వారు మరలిపోవుదురు. ఉభయులును మాటలాడునది తమిళమే.

అంతోనిగారు 1195లో లిస్బనులో పుట్టి, 1231లో పదువా దగ్గర చనిపోయిన గొప్ప ప్రసంగీకుడు. మనుష్యులు వినకపోగా ఆయన చేపలకు ప్రసంగించెనని ఒక కథ యున్నది. జాలరులకు అది ప్రియమైన కథ యగుటలో వింత లేదు. మనమైతే పరిశుద్ధులకు ప్రార్థన చేయము; మధ్యవర్తి యొక్కడే యని పౌలు తిమోతికి వ్రాసెను. ఈ విషయమున సందేహము వలదు. అయితే ఇతరుల పండుగను చూచి నవ్వుట సులభము. ఫిబ్రవరిలో గుణదల కొండకు జనము పోవునప్పుడు మనలో కొందరు ఎగతాళి చేయుదురు, మరి కొందరు ఎవరికిని చెప్పక తామును పోవుదురు! ఆ వాదము మరియొకప్పుడు చూతము. నేడు మేము చెప్పదలచినది వేరు.

1974లో జరిగిన ఒడంబడికచేత ఈ దీవి శ్రీలంక పాలైనది. మన దేశపు జాలరులును యాత్రికులును మునుపటివలె అక్కడికి వచ్చుటకు వీసా అక్కరలేదని ఆ ఒడంబడికలోనే వ్రాసికొనిరి. 1976లో మాత్రము ఒకరి జలములలో మరియొకరు చేపలు పట్టరాదని రెండు ప్రభుత్వములు నిర్ణయించెను. ప్రార్థనకు దారి యున్నది, వలకు లేదు. పిమ్మట లంకలో 1983 మొదలు 2009 వరకు యుద్ధము సాగెను.

ఇప్పుడు తగవు ట్రాలర్లనుగూర్చియైనది. ఈ మరపడవలు సముద్రపు అడుగును రాచుకొనుచు పెద్ద వలను ఈడ్చుకొనిపోవును. పిల్లచేపలును, వాటికి నీడయైన నాచును కూడ ఊడ్చుకొనిపోవును. రాత్రివేళ అవి లంకవైపు దాటిపోయినప్పుడు అక్కడి చిన్న జాలరి పరచిన సన్నని వల తెగిపోవును. యుద్ధములో సమస్తము పోగొట్టుకొని, అప్పుచేసి కొన్న వల అది. ఇవతలివాని కష్టమును తక్కువ కాదు. ఎవరి పడవమీదనో కూలికి పోయినవాడు నావికాదళమునకు చిక్కి చెరసాలలో నుండును. ఇంటివద్ద భార్యాబిడ్డలు బియ్యమునకు చేయి చాచుదురు. ఈ బాధ మన తెలుగువారికిని తెలిసినదే. గుజరాతు తీరమునుండి వేటకు పోయిన ఉత్తరాంధ్ర జాలరులు 2018 నవంబరులో పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. 2024లో, తమవారికి చెరసాల శిక్షలు పడినందున, రామేశ్వరపు జాలరులు కచ్చతీవు పండుగకే పోక మానుకొనిరి.

ఇక మత్తయి 5:23, 24 తెరచి నిదానముగా చదువుడి. నీ సహోదరునిమీద నీకు విరోధమున్న యెడల అని ప్రభువు చెప్పలేదు. అతనికే నీమీద ఏమైన నున్నదని జ్ఞాపకము వచ్చిన యెడల అనెను. తెగిన వల ఎవరిదో అతడే మరచిపోడు, తెంచినవాడు మరచును. మరియు ఆ మాటలు వినినవారు గలిలయవారు. బలిపీఠమో యెరూషలేములో నున్నది. అర్పణమును అక్కడ విడిచి ఊరికి మరలి, సమాధానపడి తిరిగి పోవుటయనగా ఎన్నో దినముల నడక. అట్టి నడకనే ప్రభువు అడిగెను.

కచ్చతీవులో అంత నడక లేదు. సహోదరుడు అదే యిసుకలో కూర్చుండి అదే పూజలో మోకరించుచున్నాడు. సంవత్సరమంతయు ఒకరినొకరు చీకటిలో దీపపు చుక్కగా చూచుకొనువారు ఆ రెండు దినములు ముఖాముఖిగా నుందురు. ప్రభుత్వముల ఒప్పందములు ప్రభుత్వములే చేసికొనవలెను గాని, నీ వల ఎప్పుడు తెగినది, ఎంత నష్టమైనదని అడుగుటకు ఏ వీసాయు అక్కరలేదు.

మన సంఘములలో ప్రభురాత్రి భోజనమునకు ముందు ఒప్పుకోలు చదువుదుము. కాలువకు అడ్డుకట్ట వేసి పై పొలమువాడు నీళ్లు మళ్లించుకొనును, క్రింది పొలమువాని నారు ఎండును; ఆదివారమున ఇద్దరును ఒకే వరుసలో మోకరింతురు. ఎండిన నారును జ్ఞాపకముంచుకొనవలసినది ఎవరో ఆ వచనములను బట్టి తరగతిలో మాటలాడుకొనుడి.

తరువాత లూకా 5వ అధ్యాయము చదువుడి. సీమోను వల పిగిలిపోవుచుండగా అతడు వేరొక దోనెలోని పాలివారికి సైగ చేసెను. వారు వచ్చిరి. రెండు దోనెలును మునుగునంతగా నిండెను. ఆ పాలివారెవరో పదియవ వచనములో నున్నది, చిన్నపిల్లలచేత చదివించుడి.