33, 40, 46

ఆరంభశూరత్వం మన జబ్బని పెద్దలు ఎప్పటినుంచో తిడుతున్నారు. అయితే మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేసేవాళ్లంతా బద్ధకస్తులేం కారు. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే చాలామంది, ఒక్క దెబ్బ తగలగానే దారే తప్పని తీర్మానించుకుంటారు. రెండు మాక్ టెస్టుల్లో మార్కులు తగ్గితే కోచింగ్ సెంటర్ మార్చేస్తారు, మూడు నెలలు బేరాలు లేకపోతే షట్టర్ దించేస్తారు. ఓపిక పట్టమని వీళ్లకు అందరూ చెబుతారు. ఎంతకాలం పట్టాలో, ఏం చూసి పట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అది తెలియాలంటే అమెరికా కోటీశ్వరుడు స్టాన్ క్రాంకీ క్రీడా జట్ల చరిత్ర చూడాలి. రియల్ ఎస్టేట్‌లో ఎదిగిన మనిషి. బయట పెద్దగా మాట్లాడడు కాబట్టి ‘సైలెంట్ స్టాన్’ అన్న పేరు పడింది. ఇంగ్లండ్‌లో ఆర్సెనల్, లాస్ ఏంజెలెస్‌లో రామ్స్, డెన్వర్‌లో నగ్గెట్స్, అవలాంచ్ ఆయన కుటుంబం చేతిలోవే. బాస్కెట్‌బాల్ జట్టు నగ్గెట్స్‌కు 2015లో మైకేల్ మలోన్ కోచ్‌గా వచ్చాడు. వరసగా మూడేళ్లు జట్టు ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. మూడో ఏడాది, 2018 ఏప్రిల్‌లో, సీజన్ ఆఖరి మ్యాచ్ మిన్నెసోటాతో పడింది; గెలిచినవాళ్లకే ప్లేఆఫ్స్‌లో మిగిలిన ఒక్క చోటు. ఆట ఓవర్‌టైమ్‌దాకా వెళ్లి, నగ్గెట్స్ ఓడింది. ఫలితాన్ని మాత్రమే చూసేవాడికి అక్కడ కనిపించేది మూడు వైఫల్యాలు, ఒక పనికిరాని కోచ్. కానీ సీజన్‌కు 82 మ్యాచుల్లో ఆ జట్టు గెలిచినవి చూడండి: మొదటి ఏడు 33, రెండో ఏడు 40, మూడో ఏడు 46. కోచ్‌ను మార్చలేదు. మరుసటి ఏడు 54. 2023లో ఆ జట్టు తన చరిత్రలో మొదటి ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది.

అదే యజమాని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రామ్స్‌లో కథ వేరు. 2012లో కోచ్‌గా వచ్చిన జెఫ్ ఫిషర్ కింద 16 మ్యాచుల సీజన్లలో గెలుపులు 7, 7, 6, 7. ఆ నిలకడలో ఎదుగుదల ఎక్కడుంది? అయినా కాంట్రాక్టు పొడిగించారు, 2016 డిసెంబరులో తీసేశారు. మరుసటి నెలలో 30 ఏళ్ల షాన్ మెక్‌వేను తెచ్చారు. మొదటి సీజన్‌లోనే 11 గెలుపులు, 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ టైటిల్. ఓపిక రెండుచోట్లా పట్టారు. ఒకచోట అది వివేకం, మరోచోట కాలహరణం. తేడా చెప్పేది ఆ అంకెల నడకే.

ఒక్క చెడ్డరోజు మనల్ని ఎంత మోసం చేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త డానియెల్ కానెమన్ చెప్పారు. బాగా నడిపిన పైలట్‌ను మెచ్చుకుంటే మరుసటిసారి పాడుచేస్తున్నాడని, తిడితే బాగుపడుతున్నాడని ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులు వాదించేవారట. నిజానికి మరీ మంచిరోజు తర్వాతా, మరీ చెడ్డరోజు తర్వాతా ఎవరి ఆటైనా తన మామూలు స్థాయికే వస్తుంది. మీరు కోచింగ్ మార్చాక పెరిగిన మార్కులు మార్చకపోయినా పెరిగేవేమో ఆలోచించండి.

అందుకే నేను గట్టిగా పట్టుబట్టే అలవాటు ఒక్కటే. ఏ పని మొదలుపెట్టినా నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. ఫలితం రాకముందే కదిలే అంకెను ఒకదాన్ని ఎంచుకోండి. గ్రూప్స్ చదివేవారికి ర్యాంకు కాదు, పాత పేపర్లో తప్పుపోయిన ప్రశ్నల సంఖ్య. దుకాణదారుకు లాభం కాదు, రెండోసారి వచ్చిన గిరాకీ. నెలాఖరున ఒకే ఒక్కసారి రాయండి. ఎన్ని నెలలు కదలకపోతే దారి మారుస్తారో మొదటిరోజే, మనసు నిబ్బరంగా ఉన్నప్పుడే, అదే పేజీ పైన రాసి పెట్టుకోండి. ఓడినరోజు రాత్రి తీసుకున్న నిర్ణయాన్ని నమ్మకండి. నిద్ర, నడక, మంచి స్నేహం, ఫోన్ కాస్త దూరం పెట్టడం, ఇవన్నీ కావాలి. అవి చెప్పేవాళ్లు ఎలాగూ ఉన్నారు.

కోట్లున్నవాడు ఎన్నేళ్లయినా ఆగగలడు, మాకేం మిగిలిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. క్రాంకీ భార్య వాల్‌మార్ట్ కుటుంబపు వారసురాలు కూడా. కానీ డబ్బుతోపాటు ఓపిక రాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు చెల్సీకి 2022దాకా యజమానిగా ఉన్న అబ్రమోవిచ్ కోచ్‌లను చకచకా మార్చాడు, ట్రోఫీలూ గెలిచాడు. ప్రతిసారీ పేరున్న కొత్త కోచ్‌ను, ఖరీదైన ఆటగాళ్లను కొనగల స్తోమతుండబట్టే ఆ పద్ధతి సాగింది. అంటే మాటిమాటికీ మార్చడమే అసలు ఖరీదైన విలాసం. పేదవాడికి ప్రతి మార్పూ మళ్లీ ఫీజు, మళ్లీ అడ్వాన్సు, మళ్లీ ఒక ఏడాది.

క్రాంకీని ఆదర్శపురుషుడిని చేయనక్కర్లేదు. 2016లో రామ్స్‌ను సెయింట్ లూయిస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలించుకుపోయిన తీరుపై వేసిన దావా 2021లో 79 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ ఊరి అభిమానుల గాయం నిజమైనదే. మలోన్‌నైనా జీవితాంతం ఉంచుకోలేదు: 2025 ఏప్రిల్‌లో, సీజన్‌లో ఇంకా మూడు మ్యాచులు మిగిలి ఉండగా, టైటిల్ తెచ్చిపెట్టిన ఆ కోచ్‌నే పంపించేశారు.