ఫిడేలు సాధన

సభలో విద్వాంసుడు ఫిడేలు వాయించుచుండగా వినువారికి అది మిక్కిలి సులభమైన పనివలె తోచును. కమాను తీగెలపై నిటునటు కదలును, వ్రేళ్లు పరుగెత్తును, నాదము దానంతట నదియే పుట్టినట్లుండును. కాని యా వాద్యమును క్రొత్తగా చేతబట్టిన బాలుని అడిగిచూడుడు. వీణకువలె ఫిడేలునకు మెట్లు లేవు. వ్రేలు వెంట్రుకవాసి తప్పినను స్వరము చెడును. కమాను ఒక్కింత వంకరపోయినను తీగె కీచుమనును.

ఈ కష్టములను దాటించుటకై పాశ్చాత్యదేశముల గురువులు ప్రత్యేకముగా చిన్న రచనలను కూర్చిరి. వీనిలో పెక్కింటిని తోడువాద్యము లేకుండ ఒంటరిగా వాయింపవలెను. ఫ్రెంచి భాషలో వీనిని 'ఎత్యూదు'లందురు. అధ్యయనమని యా మాటకు అర్థము. మనము అభ్యాసములని పిలుచుకొందము.

అభ్యాసములను రచించినవారిలో రొడోల్ఫ్ క్రూట్జర్ సుప్రసిద్ధుడు. ఇతడు 1766లో ఫ్రాన్సు దేశమందలి వెర్సాయి పట్టణమున జన్మించెను. 1795లో పారిసు నగరమున సంగీత కళాశాల స్థాపింపబడగా అందు ఫిడేలు ఆచార్యుడయ్యెను. మహాసంగీతకర్తయగు బీథోవెన్ 1805లో ప్రకటించిన ఫిడేలు సొనాటాను ఇతనికే అంకిత మొసగెను.

క్రూట్జర్ అభ్యాసములు 42. మొదటిది మిక్కిలి విలంబముగా సాగును. కమానును మొదలునుండి కొనవరకు తొందరపడక, వణకక నడపుట అందు నేర్వవలెను. రెండవదానిలో చిన్న స్వరములు సమానమైన నడకతో వరుసగా వచ్చును. గురువులు దీనినే పలువిధముల కమాను పోకడలతో మరల మరల వాయింపజేయుదురు. ఒకమారు స్వరమున కొక కమాను; మరియొకమారు నాలుగు స్వరములకు ఒకే కమాను. నడుమనున్న కొన్నింటిలో ప్రక్కప్రక్క స్వరములు రెండింటిని అతివేగముగా మార్చి మార్చి పలికింపవలెను. దానివలన వ్రేళ్లకు బలము చేకూరును. చివరివానిలో పెక్కింట రెండు తీగెలను ఒక్కమారే పలికింపవలసి వచ్చును.

ఇందలి మర్మ మేమి? కష్టమును విడదీయుటయే. పెద్ద రచనలో పది చిక్కులు ఒక్కసారిగా ఎదురైనచో తన లోప మెచ్చటనున్నదో విద్యార్థి ఎరుగజాలడు. అభ్యాసమున ఒక్క చిక్కే ముందు నిలుచును. తోడువాద్యము లేనందున ఎవని తప్పు వాని చెవికే స్పష్టముగా వినబడును. లోపము దాగుటకు చోటుండదు.

1810లో బండి ప్రమాదమున క్రూట్జర్ చేయి విరిగెను. సభలలో ఏకాకిగా వాయించు వైభవము అంతటితో ముగిసెను. అయినను అతడు బోధన మానలేదు. 1826 వరకు ఆ కళాశాలలోనే విద్య గరపెను. 1831లో జెనీవా నగరమున మరణించెను. అతడు రచించిన సంగీతనాటకములు పెక్కు గలవు. అవి నేడు అరుదుగా వినబడును. శిష్యులకై వ్రాసిన అభ్యాసములు మాత్రము నేటికిని దేశదేశముల బాలబాలికల చేతులను తీర్చుచున్నవి.

ఇటలీ దేశీయుడగు నికోలో పగనీని రచించిన 24 'కాప్రీసు'లు 1820లో ప్రకటింపబడెను. అతడు వానిని ఏ ప్రభువునకును గాక కళాకారులకు అంకిత మిచ్చెను. అవియు ఒంటరి ఫిడేలునకై పుట్టినవే; సాధకుని నేర్పును పరీక్షించునవే. అయినను అవి సభలలో మన్ననగాంచినవి. కడపటిదాని వరుసను గైకొని బ్రామ్స్, రఖ్మనినోవ్ వంటివారు తమ రచనలను అల్లిరి. చక్కగా చేసిన సాధన తుదకు కళయే యగునని దీనివలన తెలియుచున్నది.

ఫిడేలు మనకు ఐరోపానుండియే వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ములగు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతమునకు అనువుపరచిరి. మన సంగీతమున సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు చేయుపనియు ఇట్టిదే. జంటస్వరములలో ప్రతి స్వరమును రెండేసిమారులు పలికించుచు సాధకుడు పట్టు సంపాదించును. త్రోవలు వేరైనను నియమ మొక్కటే.

బాలబాలికలారా! సంగీతము నేర్వనివారికి సయితము ఇందు పాఠము గలదు. లెక్క తప్పినచో పుస్తకమంతయు తిరుగవేయకుడు. ఏ మెట్టున తప్పితిరో దానినే పట్టుకొని నిదానముగా సాధింపుడు. తన లోపమును తాను వినగలవాడే విద్యార్థి. దానిని దిద్దుకొనువరకు విసుగనివాడే విద్వాంసుడు.